యంత్రానికీ పరీక్ష ఉంది

ఊళ్ళో రైసు మిల్లు ఉంటుంది. పిండిమర ఉంటుంది. ఊరి బయట పత్తి మిల్లు ఉంటుంది. పట్నంలో మేడలు కట్టేచోట కాంక్రీటు కలిపే మిక్సరు ఉంటుంది. కాంక్రీటును పైకి మోసే లిఫ్టు ఉంటుంది. పొలంలో నూర్పిడి మిషను తిరుగుతుంది.

వీటన్నిటి దగ్గరా ఆడవాళ్ళు పని చేస్తారు. తవుడు ఊడుస్తారు. పత్తి ఏరుతారు. తట్టలు మోస్తారు. పనలు అందిస్తారు.

యంత్రం వచ్చి పని తేలిక చేసింది. నిజమే. కానీ అదే యంత్రం ఒక్క క్షణంలో చెయ్యి తీసుకుపోతుంది. ప్రాణం తీసుకుపోతుంది.

అప్పుడు అందరూ ఏమంటారు? "పాపం, దాని తలరాత" అంటారు. "జాగ్రత్తగా ఉండొద్దూ" అంటారు.

అది తలరాతేనా? జాగ్రత్త పడాల్సింది పని చేసే మనిషి ఒక్కతేనా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

యంత్రం కూడా అలిసిపోతుంది

మనిషికి జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. నీరసం వస్తుంది. ఆ మనిషి నోటితో చెబుతుంది. యంత్రం నోటితో చెప్పలేదు. అయినా అదీ అరుగుతుంది.

బెల్టు వదులవుతుంది. అతుకు దగ్గర చీలుతుంది. బోల్టు ఊడుతుంది. కరెంటు తీగ మీది తొడుగు ఎలుక కొరుకుతుంది. లిఫ్టు తాడులో సన్నటి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. గొలుసు కడియం సాగుతుంది. బాయిలరు లోపల రేకు తుప్పు పట్టి పలచబడుతుంది.

ఇవేవీ ఒక్కరోజులో జరగవు. నెలల తరబడి జరుగుతాయి. అందుకే ముందుగా చూసి పట్టుకోవచ్చు. అలా చూడడాన్నే తనిఖీ అంటారు. పిల్లలకు బళ్ళో పరీక్ష ఉన్నట్టే యంత్రానికీ పరీక్ష ఉంది. ఆ పరీక్ష జరిపించాల్సినవాడు యజమాని.

బెల్టు కింద తవుడు

ఒక రైసు మిల్లు ఉందనుకోండి. అందులో పద్నాలుగు మంది పని చేస్తున్నారు. వాళ్ళలో తొమ్మిది మంది ఆడవాళ్ళు. ఒక పొద్దున వాళ్ళలో ఇద్దరు చీపుళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఒకామె పెద్దది. ఆమె కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. రెండో ఆమె చిన్నది. రోజూ రాత్రి చదువుల కేంద్రానికి వెళ్తుంది.

గుమస్తా వచ్చాడు.

"ఏమ్మా, నిలబడ్డారేం? బెల్టు కింద తవుడు పేరుకుపోయింది. ఊడవండి."

"మిల్లు ఆపండి గుమస్తా గారూ. రెండు నిమిషాల్లో ఊడ్చేస్తాం" అంది చిన్నామె.

"మాటిమాటికీ ఆపితే కరెంటు దండగ. ఇన్నేళ్ళుగా తిరుగుతుండగానే ఊడుస్తున్నారు. ఇప్పుడేమొచ్చింది?"

పెద్దామె తన చెయ్యి చాపి చూపించింది.

"ఇదొచ్చింది బాబూ. అప్పట్లో నేనూ ఇంకో మిల్లులో తిరుగుతుండగానే ఊడ్చాను. ఐదొందలు చేతిలో పెట్టి, జాగ్రత్తగా ఉండాలి కదా అన్నారు."

గుమస్తా కాసేపు మాట్లాడలేదు.

"ఈ బెల్టుకు ఇనప జాలీ ఉండేది కదండీ. ఏదది?" అని అడిగింది చిన్నామె.

"పోయిన కోతలప్పుడు బెల్టు మార్చాం. అప్పుడు విప్పాం. అదిగో, ఊక బస్తాల వెనక ఉంది."

"మళ్ళీ పెట్టలేదేం?"

"పెట్టాలి. పని ఒత్తిడిలో మర్చిపోయాం."

చాలాచోట్ల ఇలాగే జరుగుతుంది. జాలీ లేక కాదు. ఉంటుంది. రిపేరు కోసం విప్పుతారు. తిరిగి బిగించరు. అది మూలన పడి ఉంటుంది. యంత్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

చిన్నామె గుమస్తా గది గోడ వైపు చూసింది. అక్కడ అద్దం కట్టిన కాగితం ఒకటి వేలాడుతోంది. అది బాయిలరు ధ్రువపత్రం. ఒడ్లు ఉడకబెట్టడానికి ఆ మిల్లులో బాయిలరు ఉంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. చిన్నామెకు ఇంగ్లీషు రాదు. కానీ తేదీలు అంకెల్లో ఉన్నాయి. అంకెలు ఆమెకు వచ్చు.

"గుమస్తా గారూ, ఇందులో రెండు తేదీలున్నాయి. రెండో తేదీ ఏంటండీ?"

"గడువు తేదీ."

"అది దాటి రెండు నెలలైంది కదండీ!"

గుమస్తా కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఆమె చెప్పింది నిజమే.

ఒక చిన్న లెక్క

"ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంది. అందుకే కొంగు పడింది" అంటారు. మరి ఆ క్షణంలో తప్పించుకోవడం ఎవరికైనా సాధ్యమా? లెక్క వేద్దాం.

బెల్టు తిరిగే చక్రాన్ని పుల్లీ అంటారు. ఒక పుల్లీ అడ్డంగా 30 సెంటీమీటర్లు ఉందనుకోండి. దాని చుట్టుకొలత దాదాపు 94 సెంటీమీటర్లు. అది నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకోండి. నిమిషానికి 60 సెకన్లు. అంటే సెకనుకు 10 చుట్లు.

ఒక్క చుట్టుకు 94 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. 10 చుట్లకు 940 సెంటీమీటర్లు. అంటే 9 మీటర్ల పైన.

చీర పొడవెంత? ఐదున్నర మీటర్లు.

అంటే కొంగు చిక్కుకున్నాక చీర మొత్తం చుట్టుకుపోవడానికి సెకను కూడా పట్టదు. కెవ్వుమని అరిచేలోపే అయిపోతుంది. స్విచ్చు దాకా ఎవరూ పరుగెత్తలేరు. స్విచ్చు ఆపినా చక్రం వెంటనే ఆగదు. ఊపు మీద ఇంకా తిరుగుతుంది.

కాబట్టి జాగ్రత్త ఒక్కటే మనిషిని కాపాడలేదు. కొంగు నడుముకు బిగించాలి, జడ ముడి వేసుకోవాలి. అది మంచిదే. కానీ కొంగుకూ బెల్టుకూ మధ్య ఇనప జాలీ ఉండాలి. ఆ జాలీ పెట్టించాల్సిన బాధ్యత యజమానిది.

తనిఖీలో మూడు మెట్లు

తనిఖీ అంటే యంత్రం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోవడం కాదు. అందులో మూడు మెట్లున్నాయి.

ఒకటి: చూడడం. యంత్రం సంగతి తెలిసినవాళ్ళు, ఆగి ఉన్నప్పుడూ తిరుగుతున్నప్పుడూ చూడాలి.

రెండు: రాయడం. ఏ రోజు చూశారు, ఎవరు చూశారు, ఏ లోపం కనిపించింది అన్నది పుస్తకంలో రాయాలి. సంతకం పెట్టాలి.

మూడు: బాగుచేయడం. రాసిన లోపాన్ని సరిచేయాలి. సరిచేసేదాకా ప్రమాదమున్న యంత్రాన్ని ఆపాలి.

మూడో మెట్టు లేకపోతే మొదటి రెండూ వృథా.

తనిఖీ ఎప్పుడెప్పుడు చేయాలి? రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకసారి చూడాలి. రిపేరు చేశాక, మళ్ళీ తిప్పే ముందు చూడాలి. ఇవి కాక, గడువు ప్రకారం నిపుణులు వచ్చి పూర్తిగా పరీక్ష చేయాలి.

ఎక్కడ ఏమి చూడాలి?

బెల్టు, పళ్ళచక్రం: మీద జాలీ ఉందా? బోల్టులన్నీ ఉన్నాయా? జాలీ సందులోంచి చెయ్యి దూరుతుందా? దూరితే అది పనికిరాని జాలీ.

స్విచ్చు: పని చేసేచోటికి దగ్గరగా ఉందా? బస్తాలు అడ్డం ఉన్నాయా? నొక్కగానే యంత్రం ఆగుతుందా?

కరెంటు తీగ: అతుకులున్నాయా? తడినేల మీద పడి ఉందా? ఎర్తు తీగ ఉందా? మోటారు ముట్టుకుంటే జిల్లుమంటే వెంటనే ఆపాలి. జిల్లుమనడం చిన్న విషయం కాదు. అది హెచ్చరిక.

లిఫ్టు, తాడు, గొలుసు: ఇనప తాడులో తీగలు తెగితే ముళ్ళలా పైకి లేస్తాయి. అలాంటి తాడు మీద బరువు వేలాడదీయకూడదు. ఆ బరువు కింద మనుషులు నిలబడకూడదు. ఎంత బరువు ఎత్తవచ్చో యంత్రం మీద రాసి ఉండాలి. టన్ను అంటే 1000 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలు. అర టన్ను అని రాసి ఉంటే 10 బస్తాలకు మించకూడదు. సరుకు మోసే లిఫ్టులో మనుషులు ఎక్కకూడదు.

బాయిలరు: ఇందులో మూడు చూడాలి. లోపల నీళ్ళెన్ని ఉన్నాయో చూపే గాజు గొట్టం. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు. ఒత్తిడి మించితే తనంతట తానే తెరుచుకునే సేఫ్టీ వాల్వు. నీళ్ళు తగ్గిపోతే లోపలి లోహం బాగా వేడెక్కి మెత్తబడుతుంది. అప్పుడు ఆవిరి ఒత్తిడికి పగులుతుంది. సేఫ్టీ వాల్వు బుస్సుమంటోందని దాని మీద బరువు పెట్టడం, తీగతో కట్టేయడం ప్రాణాలతో చెలగాటం.

చట్టం ఎలా వచ్చింది?

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. స్వాతంత్య్రం వచ్చాక 1948లో పెద్ద చట్టం వచ్చింది. దాని పేరు ఫ్యాక్టరీల చట్టం. అది దాదాపు 77 ఏళ్ళు నడిచింది.

తిరిగే యంత్రానికి గట్టి జాలీ ఉండాలని ఆ చట్టం చెప్పింది. యంత్రం తిరుగుతున్నంతసేపూ జాలీ దాని చోటులో ఉండాలంది. షాఫ్టు, పుల్లీ, బెల్టు లాంటివి తిరుగుతుండగా వాటిని శుభ్రం చేసే పని, నూనె పెట్టే పని ఆడవాళ్ళ చేత చేయించకూడదంది. లిఫ్టును 6 నెలలకోసారి నిపుణులు పరీక్షించాలంది. బరువులెత్తే యంత్రాన్నీ, గొలుసునూ, తాడునూ 12 నెలలకోసారైనా పరీక్షించాలంది. ఆ పరీక్షల వివరాలు పుస్తకంలో ఉండాలంది.

తర్వాత 1984 వచ్చింది. డిసెంబరు 2వ తేదీ రాత్రి తెల్లవారేలోపు భోపాల్ నగరంలో ఒక పురుగు మందుల ఫ్యాక్టరీ నుంచి విషవాయువు బయటికొచ్చింది. నిద్రలో ఉన్న వేల మంది చనిపోయారు. లక్షల మంది జబ్బు పడ్డారు.

ఆ ఫ్యాక్టరీలో రక్షణ యంత్రాలు లేవా? ఉన్నాయి. విషద్రవాన్ని చల్లగా ఉంచే యంత్రం ఉంది. ఖర్చు తగ్గించడానికి దాన్ని నెలల ముందే ఆపేశారు. బయటికొచ్చే వాయువును కడిగే యంత్రం ఉంది. ఆ రాత్రి అది పనికి రాలేదు. మిగిలిన వాయువును కాల్చేసే పెద్ద గొట్టం ఉంది. రిపేరు కోసం దాన్ని విడదీశారు. మళ్ళీ కలపలేదు. రెండేళ్ళ ముందు, 1982లో, కంపెనీ నిపుణులే వచ్చి తనిఖీ చేశారు. లోపాలు కాగితం మీద రాశారు. అయినా ఆ రాత్రికి రక్షణ యంత్రాలు సిద్ధంగా లేవు.

రైసు మిల్లులో మూలన పడిన జాలీ, భోపాల్‌లో విడదీసిన గొట్టం ఒకలాంటివే. ఒకటి చిన్నది. ఒకటి పెద్దది.

భోపాల్ తర్వాత, 1987లో, చట్టాన్ని మార్చారు. పనివాళ్ళ ఆరోగ్యానికీ భద్రతకూ యజమానే బాధ్యుడని స్పష్టంగా రాశారు. పనిలో ఉన్న ప్రమాదాల గురించి అడిగి తెలుసుకునే హక్కు పనివాళ్ళకు ఇచ్చారు.

ఇప్పుడున్న చట్టం

2020లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పని చేసేచోట భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల గురించిన చట్టం అది. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో ఇప్పుడు ఇదే ఉంది. పది మంది లేక అంతకు మించి పని చేసేచోట యజమాని బాధ్యతలను ఈ చట్టం చెబుతుంది. మిల్లయినా, మేడ కట్టేచోటయినా ఇదే చట్టం.

యజమాని చేయాల్సినవి ఇవి:

1. పనిచోట గాయాలు, జబ్బులు తెచ్చే ప్రమాదాలు లేకుండా చూడాలి.

2. యంత్రాలను ప్రమాదం లేని స్థితిలో ఉంచాలి. పని ఎలా చేయాలో నేర్పాలి.

3. భద్రత కోసం పెట్టే ఖర్చు పనివాళ్ళ దగ్గర వసూలు చేయకూడదు. చేతి తొడుగులకూ హెల్మెట్లకూ కూలిలో కోత పెట్టకూడదు.

4. పనిలో చేర్చుకున్నట్టు కాగితం ఇవ్వాలి. దాన్ని నియామక పత్రం అంటారు. ప్రమాదం జరిగిన రోజు "ఈమె మా మనిషి కాదు" అనకుండా అది కాపాడుతుంది.

5. ప్రాణం పోయే ప్రమాదం, పెద్ద గాయం జరిగితే అధికారులకు తెలియజేయాలి. దాచకూడదు.

యజమాని తన బాధ్యత మరవడం వల్ల ప్రమాదం జరిగి మనిషి చనిపోతే రెండేళ్ళ వరకు జైలు గానీ, 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పెద్ద గాయమైతే ఏడాది వరకు జైలు గానీ, 2 నుంచి 4 లక్షల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధితులకు ఇమ్మని కోర్టు చెప్పవచ్చు. పనిలో గాయపడినవాళ్ళకు నష్టపరిహారం కూడా రావాలి. అది దానం కాదు, హక్కు. ఈ.ఎస్.ఐ. ఉన్నవాళ్ళకు ఈ.ఎస్.ఐ. ద్వారా వస్తుంది.

పనివాళ్ళకూ బాధ్యత ఉంది. జాలీని తమంతట తాము విప్పకూడదు. లోపం కనిపిస్తే చెప్పాలి. నేర్పిన పద్ధతిలోనే పని చేయాలి.

బాయిలర్లకు వేరే చట్టం ఉంది. అది మొదట 1923లో వచ్చింది. దాని స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. బాయిలరును పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. దాని గడువు సాధారణంగా ఏడాదికి మించదు. గడువు దాటాక మళ్ళీ పరీక్ష జరగాలి. అది జరిగేదాకా బాయిలరు వాడకూడదు.

పగుళ్ళు కనిపించాయి, పని ఆగలేదు

లోపం కళ్ళకు కనిపించినా పని ఆపకపోతే ఏమవుతుంది? పక్క దేశం బంగ్లాదేశ్‌లో జరిగిన సంగతి చూడండి.

రాజధాని ఢాకా దగ్గర సావర్ అనే ఊరుంది. అక్కడ రానా ప్లాజా అనే 8 అంతస్తుల మేడ ఉండేది. కింద బ్యాంకు, దుకాణాలు. పైన బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు. కుట్టేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు.

2013 ఏప్రిల్ 23న మేడలో పగుళ్ళు కనిపించాయి. ఇంజనీరు వచ్చి చూశాడు. ఈ మేడ ప్రమాదం అన్నాడు. బ్యాంకు మూసేశారు. దుకాణాలు మూసేశారు. కుట్టుపని వాళ్ళను మాత్రం మర్నాడు రమ్మన్నారు. రాకపోతే జీతం ఇవ్వమన్నారని బతికి బయటపడినవాళ్ళు చెప్పారు.

24వ తేదీ పొద్దున కరెంటు పోయింది. పై అంతస్తుల్లో ఉన్న పెద్ద జనరేటర్లు వేశారు. మేడ అదిరింది. కాసేపటికే కుప్పకూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు.

అక్కడ తనిఖీ జరిగింది. లోపం దొరికింది. పని ఆపమని గట్టిగా అనే బలం మాత్రం పనివాళ్ళకు లేకపోయింది. ఒక్కొక్కరూ విడివిడిగా భయపడ్డారు. నెల జీతం పోతుందని లోపలికి వెళ్ళారు. పేదవాళ్ళకు ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పాలా?

ఆ తర్వాతే బట్టలు కొనే విదేశీ కంపెనీలూ కార్మిక సంఘాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఆ దేశంలో వెయ్యికి పైగా బట్టల ఫ్యాక్టరీలను తనిఖీ చేయించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అయినా ఆ ఆకులు మిగతావాళ్ళ చేతులు కాలకుండా కొంతవరకు కాపాడాయి.

ఏమి చేయవచ్చు?

మన చట్టం ఈ విషయంలో ఒక దారి చూపింది. భద్రత గురించి యజమానిని అడిగే హక్కు పని చేసే ప్రతి మనిషికీ ఉంది. ప్రాణానికి ముప్పు ముంచుకొస్తోందని అనిపిస్తే యజమానికి చెప్పాలి. అదే సమయంలో ప్రభుత్వ అధికారికీ చెప్పవచ్చు. ఇదివరకు ఆయన్ని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు అనేవారు. కొత్త చట్టంలో ఇన్‌స్పెక్టర్ కం ఫెసిలిటేటర్ అంటున్నారు. ముప్పు నిజమేనని తేలితే యజమాని వెంటనే సరిచేయాలి. యజమాని ఒప్పుకోకపోతే ఆ సంగతి అధికారికి పంపాలి. చివరి మాట అధికారిదే.

నోటిమాట గాలికి పోతుంది. కాగితం నిలుస్తుంది. అందుకే రాసి ఇవ్వాలి. ఒక్కరే రాస్తే ఒక్కరి మీదే కోపం వస్తుంది. అందరూ కలిసి రాస్తే అది అందరి మాట అవుతుంది.

ఆ రైసు మిల్లులో ఆడవాళ్ళు అలాగే చేశారు. యజమాని "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రాత్రి చదువుల కేంద్రంలో కూర్చుని ఈ ఉత్తరం రాశారు:

"తేదీ: ..........

మిల్లు యజమాని గారికి,

మేము మీ మిల్లులో పని చేస్తున్నాము. పెద్ద బెల్టు మీది ఇనప జాలీ పోయిన కోతల నుంచి లేదు. బెల్టు తిరుగుతుండగా కింద ఊడవమంటున్నారు. కొంగు చిక్కితే ప్రాణం పోతుంది. బాయిలరు కాగితం గడువు రెండు నెలల కిందట దాటిపోయింది.

జాలీ వెంటనే బిగించండి. మిల్లు ఆపాకే ఊడ్చే ఏర్పాటు చేయండి. బాయిలరుకు పరీక్ష జరిపించండి. అప్పటిదాకా బాయిలరు వెలిగించవద్దని కోరుతున్నాము.

ఇట్లు,
సంతకాలు"

తొమ్మిది మందీ పేర్లు రాసి సంతకాలు పెట్టారు. పెద్దామె మూడు వేళ్ళతో కలం పట్టుకుని మెల్లగా రాసింది. మగవాళ్ళు ఐదుగురూ కింద సంతకాలు పెట్టారు. ఉత్తరానికి ఇంకో నకలు రాసి, అందినట్టు దాని మీద గుమస్తా సంతకం తీసుకున్నారు.

జాలీ ఆ సాయంత్రమే ఎక్కింది. నాలుగు బోల్టులు. అరగంట పని. ఇన్ని నెలలు ఆగింది ఆ అరగంట కోసమే.

బాయిలరు పరీక్షకు వారం పట్టింది. ఆ వారం మిల్లులో పచ్చి బియ్యమే ఆడించారు. ఒడ్లు ఉడకబెట్టేచోట పని చేసే నలుగురికి పని లేకుండా పోయేది. మిగతావాళ్ళు ఊరుకోలేదు. "మా పనిలో వాళ్ళకూ పంచండి. కూలి కోయకండి" అని అడిగారు. యజమాని కాస్త గొణిగాడు. చివరికి ఒప్పుకున్నాడు.

పది మంది కంటే తక్కువ ఉంటే?

పిండిమరలో ఒకరిద్దరే ఉంటారు. నూర్పిడి మిషను దగ్గర ఏడెనిమిది మంది ఉంటారు. అక్కడికి తనిఖీ అధికారి రావడం అరుదు. కానీ బెల్టుకు పది మందా ఇద్దరా అన్న లెక్క తెలియదు. అది ఎవరి కొంగయినా లాగుతుంది. అందుకే అక్కడ కూడా పని మొదలుపెట్టే ముందు అడగాలి. జాలీ ఉందా? ఆపే స్విచ్చు దగ్గర ఎవరున్నారు? నూర్పిడి మిషనులో పనలు తోసేచోట చెయ్యి లోపలికి పోకుండా పొడుగు తొట్టి ఉందా? లేకపోతే పని ఒప్పుకునే ముందే పెట్టించమని అడగాలి. బేరం కూలి గురించే కాదు, భద్రత గురించి కూడా.

గుర్తుంచుకోండి

* యంత్రాన్ని ప్రమాదం లేకుండా ఉంచడం యజమాని బాధ్యత.
* తనిఖీ అంటే చూడడం, రాయడం, బాగుచేయడం.
* విప్పిన జాలీ తిరిగి బిగించాకే యంత్రం తిప్పాలి.
* కాగితం ఏ భాషలో ఉన్నా తేదీ అంకెల్లో ఉంటుంది. తేదీ చదవండి.
* భద్రత సామానుకు కూలిలో కోత పెట్టకూడదు.
* కలిసి అడగండి. రాసి ఇవ్వండి. నకలు దాచుకోండి.

కొత్త మాటలు

తనిఖీ: లోపాలున్నాయేమో చూసి పరీక్షించడం.
గడువు: ఒక కాగితం చెల్లే చివరి రోజు.
ధ్రువపత్రం: పరీక్షించి, బాగుందని ఇచ్చే కాగితం.
నియామక పత్రం: పనిలో చేర్చుకున్నట్టు ఇచ్చే కాగితం.
నకలు: ఒక కాగితానికి రెండో ప్రతి.

జవాబులు రాయండి

1. తనిఖీలో మూడు మెట్లు ఏవి?
2. రైసు మిల్లులో జాలీ ఎందుకు లేదు?
3. భోపాల్ ఫ్యాక్టరీలో పని చేయని రక్షణ యంత్రాలు ఏవి?
4. ఇంగ్లీషు రాకపోయినా చిన్నామె బాయిలరు కాగితంలో లోపం ఎలా పట్టుకుంది?

ఖాళీలు పూరించండి

1. కొత్త చట్టం 2025 నవంబరు ........ నుంచి అమలులోకి వచ్చింది.
2. టన్ను అంటే ........ కిలోలు.
3. బాయిలరు ధ్రువపత్రం గడువు సాధారణంగా ........ కు మించదు.

లెక్క చేయండి

ఒక లిఫ్టు మీద "2 టన్నులు" అని రాసి ఉంది. 50 కిలోల బస్తాలు ఎన్ని ఎత్తవచ్చు? మేస్త్రీ 45 బస్తాలు పెట్టమంటే ఏమని చెప్పాలి?

కలిసి చేయండి

రేపు పనికి వెళ్ళినప్పుడు అక్కడున్న యంత్రాలు చూడండి. ఏ యంత్రానికి జాలీ ఉంది, దేనికి లేదు? ఏ కాగితం మీద ఏ తేదీ ఉంది? నోటు పుస్తకంలో రాసుకుని రండి. రాత్రి కేంద్రంలో అందరూ చదివి వినిపించండి. ఉత్తరం రాయాల్సిన అవసరం ఉంటే అందరూ కలిసి రాయండి.